దంతవైద్యుని చీటీకి హనూపశమనీ వ్యాఖ్య

మూలము: “పళ్ళు కలపొద్దు. మెత్తనివి తినండి. నొప్పికి మాత్ర, అవసరమైతే. రాత్రి గార్డు. ఒత్తిడి తగ్గించుకోండి. నెల తరువాత రండి.”

అవతారిక. మెతుకుసీమలోని కొలిచెలమకు చెందిన మల్లినాథసూరి, మూలమున లేనిదానిని వ్రాయననియు, అక్కఱలేనిదానిని చెప్పననియు ప్రతిజ్ఞ చేసి కాళిదాసాదుల కావ్యములకు వ్యాఖ్యలు రచించెను. ఆయన యదృష్టమేమనగా, ఆయనకు దొరకిన మూలకారులు తాము చెప్పదలచినదానిని తీరికగా, తుదముట్ట చెప్పినవారు. మనకు దొరకిన మూలమో, వెలుపల బల్లలపై చెంపలు పట్టుకొని పలువురు కాచుకొనియుండగా, ఒక రోగి కుర్చీనుండి దిగుటకును మఱియొక రోగి యెక్కుటకును నడుమ దొరకిన యెడమున, ఆఱు వాక్యములుగా ముగిసిపోయినది. కావున ఆ మహానుభావుని ప్రతిజ్ఞను మేము చేయజాలము. ఈ మూలమున లేనిదే యెక్కువ, ఆ లేనిదే రోగికి కావలసినది.

విషయ ప్రయోజన సంబంధములు స్పష్టములు కనుక వానిని విడిచి, అధికారి, అనగా ఈ వ్యాఖ్యను చదువదగినవారు, ఎవరను ప్రశ్నను మాత్రము విచారింతము. దవడనొప్పి తప్ప వేఱొక బాధ యెఱుగనివానికి చీటీయే చాలును, వ్యాఖ్యతో పనిలేదు. అట్టివారు అరుదు. ఈ బాధ పురుషులకంటె స్త్రీలలో హెచ్చనియు, పార్శ్వపు తలనొప్పి, మెడనొప్పి, నడుమునొప్పి, ప్రేగుల చికాకు, నిద్రలేమి తఱచుగా దీనికి తోడుండుననియు వైద్యులు చెప్పుచున్నారు. కనుక రక్తపుపోటు, మధుమేహము, గొంతులోనికి ఎగదన్ను పులుపు, మెడయెముకల అరుగుదల అను నాలుగింటిని నలుగురు వైద్యుల యధీనమున నుంచి, అవి చాలవన్నట్లు ఐదవదానికై దంతవైద్యుని గడప త్రొక్కిన ఒకానొక పాఠశాల ఉపాధ్యాయినిని మేము అధికారిణిగా గ్రహించితిమి. ఆమె సంచిలో ఐదు చీటీలు గలవు. ఏ చీటీ వ్రాసినవారును తక్కిన నాలుగింటిని చదువలేదు. ఐదింటిని చదివినది ఆమె యొక్కతెయే.

“పళ్ళు కలపొద్దు.” పళ్ళు = పై వరుసయు, క్రింది వరుసయు; కలపొద్దు = ఒకదానికొకటి తాకనీయవలదు. కలపక నమలుటెట్లని శంక. నిషేధము భోజనేతర కాలమునకే యని సమాధానము. నమలునప్పుడును మ్రింగునప్పుడును పండ్లు తాకుకాలమును కూడినచో, దినమంతటికిని ఇంచుమించు 20 నిమిషములకు మించదని దంతవైద్యుల మాట. తక్కిన కాలమంతయు పెదవులు కలిసి, పండ్లు రెండు మూడు మిల్లీమీటర్ల యెడముగా నుండి, నాలుక నకారమును పలుకబోవు స్థానమున విశ్రమించియుండుటయే దవడకు ప్రకృతి. మన యధికారిణియో, అర్ధసంవత్సర పరీక్షల కాగితములు దిద్దునప్పుడును, బస్సు రాక నిలుచున్నప్పుడును, పిల్లవాని మార్కులనుగూర్చి వాని తండ్రి చేయు వాదమును చిఱునవ్వుతో వినునప్పుడును, బిగించితినని తానే యెఱుగక పండ్లు బిగించియుండును.

చెవి ముందఱ వ్రేలుంచి నోరు తెఱచినచో వ్రేలిక్రింద కదలు గుబ్బయే దవడ కీలు. క్రింది దవడ యెముక యొక్కటియే, కీళ్ళు రెండు. ఒక కాడికి కట్టిన యెడ్లలో ఒకటి మొరాయించినచో రెండవదానికి నడక తప్పినట్లు, కుడికీలు నొచ్చిన ఎడమకీలును సుఖముగా నుండజాలదు. గుబ్బకును పుఱ్ఱెలోని గుంటకును నడుమ మెత్తని బిళ్ళ యొకటి యుండును. అది ముందునకు జాఱి, నోరు తెఱవగా తిరిగి చోటునకు వచ్చునపుడు ‘టక్కు’మని చప్పుడగును. నొప్పి లేనిచో ఆ చప్పుడునకు చికిత్స యక్కఱలేదు. కీలు చెవికి పొరుగున నున్నందున బాధ చెవిపోటుగా తోచును. ముందుగా చెవివైద్యుని యొద్దకు పోయి, చెవి నిర్దోషమని ధ్రువపఱిపించుకొని వచ్చుట ఈ రోగుల తీర్థయాత్రలో తొలి మజిలీ.

ఈ బాధకు కారణమునుగూర్చి పూర్వులు కొందఱు వేఱుగా చెప్పిరి. సుశ్రుతుడు నిదానస్థానమున దంతరోగములలో హనుమోక్షమును, అనగా దవడ కీలు తప్పుటను, లెక్కించెను. ఆధునికులలో అమెరికాదేశపు సెయింట్ లూయిస్ నగరమునందలి చెవివైద్యుడు జేమ్స్ కాస్టెన్ 1934లో, వెనుక పండ్లు పోయి దవడల పొందిక చెడుటయే చెవిబాధలకును హోరునకును మూలమని వ్రాసెను. పొందికయే సర్వకారణమను ఈ పక్షమును నమ్మి పిమ్మటివారు ఎందఱి పండ్లనో అరగదీసి సరిచేసిరి. సిద్ధాంతులు దీనిని త్రోసివైచి, కండరములు, కీలు, నిద్ర, మనస్సు, నొప్పిని మోయు నరముల తీరు అన్నియు కలిసి కారణమగుచున్నవనిరి. దీర్ఘకాలపు దవడనొప్పినిగూర్చి 2023లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ ప్రచురించిన మార్గదర్శకము కూడ, దవడ వ్యాయామములకును, అలవాటును ఆలోచనను మార్చు చికిత్సకును పెద్దపీట వేసి, వెనుకకు త్రిప్పరాని మార్పుచేయు పరికరములను గట్టిగా నిషేధించినది. అరగదీసిన పన్ను మరల పెరుగదు గనుక ఈ పక్షమే మాకును సమ్మతము.

“మెత్తనివి తినండి.” శాస్త్రవిరోధము ఇచటనే మొదటిసారి తలయెత్తును. జావలును మెత్తని యన్నమును మాని, ముడిధాన్యములు, పచ్చికూరలు, గింజలు నమిలి తినవలయునని మధుమేహవైద్యుని చీటీ. నమలవలదని దంతవైద్యుని చీటీ. రెండును విధివాక్యములే, దేనిని కాదనుటకును వీలులేదు. ఇట్టిచోట మీమాంసకులు రెండింటికిని చోటిచ్చు నర్థమును వెదకుదురు. మెత్తదనము వండిన తీరునకు విశేషణమే కాని పదార్థమునకు కాదని గ్రహించినచో విరోధము తొలగును. తోటకూరపప్పు, మెంతికూర వేసి బాగుగ నుడికించిన పెసరపప్పు, బీరకాయ సొరకాయ కూరలు, కోడిగ్రుడ్డట్టు, పెరుగు ఇరుపక్షములకును ఆమోదయోగ్యములు. జంతికలను, చేగోడీలను, చెఱకుముక్కలను, ములగకాడను పిప్పియగువఱకు నమలుటను ఏ వ్యాఖ్యాతయు సమర్థింపజాలడు. సంక్రాంతికి పుట్టినింటినుండి వచ్చిన యరిసెల డబ్బా విషయమున దంతవైద్యుడు మౌనము వహించెను, మధుమేహవైద్యుడు వహింపలేదు.

“నొప్పికి మాత్ర, అవసరమైతే.” అవసరమును నిర్ణయించువారెవరో మూలకారుడు చెప్పలేదు. ఐబూప్రొఫెన్, డైక్లోఫెనాక్ మొదలగు మాత్రలు దవడనొప్పిని తగ్గించుట నిజమే; ఆ మాత్రలే రక్తపుపోటును పెంచును, కడుపులో పుండు పుట్టింపగలవు, పోటునకు వాడు కొన్ని మందులతో కలిసి మూత్రపిండములకు కీడు చేయగలవు. అనగా ఐదవ చీటీలోని యొక మాత్ర తక్కిన చీటీలలో రెండింటిపై ప్రత్యక్షముగా యుద్ధము ప్రకటించుచున్నది. ఇదిగాక, తలనొప్పి గలవారు నెలకు 15 దినములు, అంతకు మించియు, నెలల తరబడి నొప్పిమాత్రలు మ్రింగినచో మాత్రలే తలనొప్పిని నిలిపియుంచునని వైద్యులు హెచ్చరించుచున్నారు. కావున మాత్ర కొనుటకు ముందు రక్తపుపోటు వైద్యుని యడుగవలయును. ఈలోపల వేడినీట ముంచి పిండిన గుడ్డతో చెంపకును కణతకును కాపడము పెట్టుకొనుటను ఐదు చీటీలలో ఏదియు నిషేధింపలేదు. ఏదియు విధింపను లేదు. కాపడమునకు రుసుము పుచ్చుకొను మార్గమింకను కనుగొనబడలేదు కాబోలు. మనోవ్యాకులతకు వాడు మందులలో కొన్ని పండ్లు బిగించు నలవాటును తెచ్చిపెట్టుటయు కలదు. అట్టి మందును తనంతట మానరాదు, వ్రాసిన వైద్యునికి చెప్పవలయును.

“రాత్రి గార్డు.” క్రియాపదము లేదు గనుక ‘పెట్టుకొనవలయును’ అని అధ్యాహారము. గార్డనగా రైలుబండి వెనుక పచ్చజెండా నూపువాడు కాడు. పండ్లకు అచ్చు తీసి చేయించిన గట్టి తొడుగు. అది పండ్ల అరుగుదలను ఆపునే కాని బిగించు నలవాటును మాన్పదు; రెండవది జరుగునని యాశించి కొన్నవారు నిరాశపడుదురు. గురక పెట్టువారును, నిద్రలో ఊపిరి యాగువారును ఆ సంగతిని అచ్చు తీయుటకు ముందే చెప్పవలయును.

గార్డు పెట్టుకొని పరుండుటెట్లను విషయమున చీటీల కలహము పరాకాష్ఠ నందినది. పులుపు ఎగదన్నకుండుటకు తల యెత్తుగా నుంచి ఎడమప్రక్క పరుండుమని యొకరు; మెడకు పలుచని తలగడ తప్ప తగదని మఱియొకరు; బోరగిల పరుండి చెంపక్రింద చేయి పెట్టుకొనవలదని దంతవైద్యుడు. మూడు విధులను శిరసావహించుటకు శిరస్సు ఒక్కటియే. ఇచట మా సమన్వయము: మంచము తలవైపు కోళ్ళక్రింద ఆఱు అంగుళముల యెత్తున ఇటుకలు పేర్చవలయును. మంచమే వాలును గనుక తలగడ పలుచగనే యుండవచ్చును. ఎడమప్రక్కకు తిరిగి, చేతులను ముందొక దిండుపై నుంచినచో చెంపయు స్వతంత్రమగును. ఈ వ్యాఖ్యలో మేము గర్వింపదగినది ఏదైన నున్నచో అది ఈ ఇటుకల సమన్వయమే. ఇక సాయంకాలపు కాఫీ విషయమున నలుగురు వైద్యులకును ఏకవాక్యత కుదిరినది. మెడవైద్యుడొక్కడు తటస్థుడు, అప్పటినుండి ఆమెకు ఆయనపై గౌరవము పెరిగినది.

“ఒత్తిడి తగ్గించుకోండి.” ఆఱు వాక్యములలో దీనికంటె సులభముగా వ్రాయదగినదియు, దీనికంటె కష్టముగా ఆచరింపదగినదియు లేదు. ఒత్తిడి యెచటనుండి వచ్చుచున్నదో అడుగక, తగ్గించుకొను భారమును మాత్రము ఆమెపైననే మోపిన సూత్రమిది. కోపమున పండ్లు పటపట కొఱుకుట కథలలోని రాక్షసులకు చెల్లినది. మన యిండ్లలోని స్త్రీలకు చెల్లినది పంటిబిగువున నోర్చుటయే. ఆ యోర్పును మెచ్చుకొనని బంధువు లేడు. దవడ కండరము ఆ మెప్పును విని యెఱుగదు. అది బిగిసియున్న కాలమును మాత్రమే యెఱుగును. ఒత్తిడిని తొలగించు శక్తి వ్యాఖ్యాతకు లేదు గనుక, బిగింపును తొలగించు ఉపాయమొకటి చెప్పుచున్నాము. పాఠశాలలో పిరియడు గంట మ్రోగినపుడెల్ల, పాఠము ఆపినట్లే, పండ్లు విడిచి, భుజములు దించి, ఒక నిట్టూర్పు విడువవలయును. గంటకు ముందు పండ్లు కలిసియున్నవో లేవో గమనించుటయే చికిత్సలో సగము. సెలవు దినములలో గంట కొఱకు సెల్లుఫోనును నమ్ముకొనవచ్చును.

“నెల తరువాత రండి.” ఇది సామాన్యవిధి; దీనికి అపవాదములు కలవు. మెట్లెక్కునప్పుడో నడుచునప్పుడో దవడ నొచ్చి, చెమటయో ఆయాసమో తోడైనచో అది పంటి సంగతి కాకపోవచ్చును, గుండెపోటు కావచ్చును. మధుమేహము గలవారిలో ఛాతినొప్పి లేకయే గుండెపోటు వచ్చుట కలదు గనుక, మన యధికారిణి నెల కాదు, గంటయు ఆగరాదు. ఏబదియేండ్లు దాటినవారికి క్రొత్తగా కణతనొప్పి పుట్టి, తల దువ్వునప్పుడు మాడు నొచ్చి, నమలునప్పుడు దవడ అలసి, చూపు మసకబాఱినచో ఆ దినమే వైద్యుని చూడవలయును. ఉపేక్షించిన చూపు పోవు వ్యాధి యొకటి కలదు. వక్కయు గుట్కాయు నమలువారికి నోరు నానాటికి చిన్నదగుచున్నచో అది వేఱు రోగము, వేఱు చీటీ.

ఈ అపవాదములు లేనివారిలో పెక్కుమందికి శస్త్రచికిత్స యక్కఱలేకయే నొప్పి నెమ్మదించును. నెల నిండి మరల పోవునపుడు, తక్కిన నాలుగు చీటీలను మందులపెట్టెతో సహా తీసికొనిపోయి, నోరు తెఱువుమని వైద్యుడు చెప్పకమునుపే వానిని ఆయన బల్లపై పఱువవలయునని మా మనవి.