ముద్ర తగువు

ఉత్తరప్రదేశ్ ఇందిరాపురంలోని మా తెలుగు సంఘానికి జెండా ఉండాలని మొదట అన్నదెవరో ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. ఉగాదికి రెండు నెలల ముందు క్లబ్బు గదిలో ఆ మాట వచ్చినప్పుడు మాత్రం అందరూ చప్పట్లు కొట్టారు. కార్యదర్శిని కాబట్టి నేను కాస్త ఎక్కువే కొట్టాను. "1921లో బెజవాడ కాంగ్రెసు సమావేశాలప్పుడు గాంధీగారి చేతికి జెండా నమూనా అందించింది మన పింగళి వెంకయ్యగారు. దేశానికి జెండా ఇచ్చినవాళ్లం, మనకంటూ ఒకటి లేకపోవడమేమిటి?" అని ఉపన్యాసం కూడా దంచాను.

ఊరికో జెండా, ఊరికో ముద్ర అనేది ఐరోపాలో మామూలు సంగతి. స్విట్జర్లాండులో బెర్న్ నగరం జెండా మీద ఎలుగుబంటి దర్జాగా నడుస్తూ ఉంటుంది. మన మునిసిపాలిటీలకు అంత వైభోగం ఎక్కడిది? చాలాచోట్ల ఊదారంగు రబ్బరు స్టాంపే రాజముద్ర.

మా జెండా మీద వేసే ముద్రలో ఏం పెట్టాలన్న దగ్గర అసలు కథ మొదలైంది. అధ్యక్షులవారిది గుంటూరు. అమరావతి శిల్పాల్లోని పూర్ణకుంభం చాలన్నారు. కరీంనగర్ వకీలుగారు కుర్చీలోంచి లేచారు.

"గా కుండ ఒక్కటే పెడితే ఎట్ల? మా కాకతీయ తోరణం ఏమాయె? 2024ల మా సర్కారు ముద్ర మారుస్తమంటే, అండ్ల తోరణం, చార్మినారు పోతయని ఎంత లొల్లయిందో చూసిన్రు గద. ఆఖరికి వాయిదా ఏసుకున్నరు."

అంతటితో ఆగక, నాలుగు సింహాల జాతీయ చిహ్నాన్ని ఇష్టమొచ్చినట్టు వాడితే 2005 నాటి చట్టం ఒప్పుకోదనీ, కాబట్టి ఆ సింహాలున్న రాష్ట్ర ప్రభుత్వాల ముద్రలను ఉన్నవున్నట్టుగా దించొద్దనీ హెచ్చరించారు. అనంతపురం ఆయన లేపాక్షి బసవన్న లేనిదే చందా ఇవ్వనన్నాడు. అనకాపల్లి ఆయన ఏటికొప్పాక లక్కబొమ్మ తెచ్చి బల్ల మీద పెట్టి, అది తీస్తే ఒట్టన్నాడు.

అధ్యక్షులవారు మంచి మాటే చెప్పారు. "మనముంటున్న ఈ ఉత్తరప్రదేశ్ ముద్ర చూడండి. రెండు చేపలు, విల్లు బాణం, గంగాయమునలు కలిసే అలలు. చేపలు అవధ్ నవాబులవి, విల్లు రాముడిది. ఒకే ముద్రలో అవి సర్దుకోగా లేనిది, మనం సర్దుకోలేమా?"

సర్దుకోలేకపోయాం. ఆరు ఆదివారాలు పట్టింది. చివరికి అన్నీ పెట్టాం. తోరణం కింద కుంభం, కుంభానికి మామిడాకులు, ఓ పక్క బసవన్న, ఇంకో పక్క లక్కబొమ్మ. చూస్తే తిరనాళ్లలో తప్పిపోయిన ఎద్దు కుండలో నీళ్లు తాగబోతున్నట్టుంది. నేనది పైకి అనలేదు.

ఆ రోజుల్లోనే ఓ రాత్రి అన్నం వడ్డిస్తూ మా ఆవిడ అంది.

"ఏమండీ, ఆవకాయ జాడీ బొమ్మ వేసెయ్యకూడదూ? అందరిళ్లలోనూ ఉండేదే. ఎవరూ పోట్లాడరు."

మర్నాటి సమావేశంలో ఈ మాట నవ్వుతూ చెప్పాను. అందరూ నవ్వారు. "సంఘం పెడుతున్నామా, మెస్సు పెడుతున్నామా?" అన్నారు వకీలుగారు. తోరణానికీ కుంభానికీ ఏకాభిప్రాయం కుదిరింది ఆ ఒక్క నిమిషమే. ఇంటికొచ్చి ఆ నవ్వులన్నీ మా ఆవిడకు పూసగుచ్చినట్టు చెప్పాను. అదొక తప్పు.

గాంధీనగర్ మార్కెట్లో మంచి నూలు గుడ్డ తీసుకుని, చదరంగా అరవై జెండాలు కత్తిరించి, ముద్ర అద్దించాం. ఉగాదినాడు పిల్లలు ఊపారు, పెద్దలు ఫొటోలు దిగారు. పచ్చడిలో వేపపువ్వు తక్కువైంది గానీ, జెండాలకు మాత్రం లోటు లేదు. వెళ్లేటప్పుడు ఇంటికి ఒకటో రెండో పంచేశాం.

ఆగస్టు 29న గిడుగువారి జయంతి, తెలుగు భాషా దినోత్సవం. జెండాలన్నీ పోగుచెయ్యమని నన్ను పంపారు. మొదటి ఇంట్లో "ఉతికాం, ఇంకా ఆరలేదు" అన్నారు. రెండో ఇంట్లో "లోపలెక్కడో ఉంది, వెతికి పంపిస్తాం" అన్నారు. వకీలుగారింట్లో ఆయన గట్టిగానే పిలిచారు గానీ, లోపలినుంచి జవాబు రాలేదు. అనంతపురం ఆయన నన్ను చూసి లిఫ్టు ఎక్కేశాడు.

అధ్యక్షులవారింట్లో కాఫీ ఇస్తుండగా వంటింటి తలుపు ఓరగా తెరుచుకుంది. గట్టు మీద పెద్ద జాడీ. దాని మూతికి పురికొసతో బిగించి కట్టిన వాసెన మా జెండా! పూర్ణకుంభం సరిగ్గా మూత మీద కుదురుగా కూర్చుంది. తోరణం అంచు చుట్టూ వంగింది. బసవన్న మొహం పురికొస కింద నలిగిపోయింది. నా చూపు ఎటు పోయిందో కనిపెట్టి, అధ్యక్షులవారి భార్య తలుపు దగ్గరికి లాగారు. "వేసవిలో గాజీపూర్ మండీ నుంచి కాయలు తెప్పించామండీ, సమయానికి మెత్తటి నూలు గుడ్డ దొరకలేదు" అన్నారు. అధ్యక్షులవారు కప్పులోకి చూస్తూ ఉండిపోయారు.

మండిపోతూ ఇంటికొచ్చాను. "చూశావా? ఆరు ఆదివారాలు తన్నుకుని చేసిన జెండాను తీసుకెళ్లి వాసెన కట్టారు!"

మా ఆవిడ మాట్లాడకుండా స్టూలు వేసుకుని, అటక మీంచి మా జాడీని జాగ్రత్తగా దించింది. పురికొస విప్పి, జెండా దులిపి, మడత పెట్టి నా చేతిలో పెట్టింది.

"జాడీని జెండా మీదికి ఎక్కనివ్వలేదుగా మీరు. జెండాయే వచ్చి జాడీ ఎక్కింది" అంది.