కాయించిన ఎండ ఏమైనట్టు?

అరకు వెళ్లొచ్చిన మా బావగారు లాప్‌టాప్ ముందు కూర్చుని ఫొటోలన్నీ చెక్కారు. బొర్రా గుహల్లో వెలుగు నింపారు. మబ్బు పట్టిన కాఫీ తోటల మీద ఎండ కాయించారు. అద్దాల బోగీలో అక్కయ్య పక్కన పడ్డ అపరిచితుణ్ణి మాయం చేశారు. ఆ ఫొటోల ఫోల్డర్ని పెన్‌డ్రైవ్‌లో తెచ్చి, ఇంటి కంప్యూటర్లో చుట్టాల ముందు తెరిచారు. గుహ చీకటి గుహే, మబ్బు మబ్బే! ఆ పెద్దమనిషి నవ్వుతూ అక్కయ్య పక్కనే ఉన్నాడు.

బావగారు ఫొటోలు దిద్దిన సాఫ్ట్‌వేర్ లైట్‌రూమ్ క్లాసిక్. అది అసలు ఫొటో జోలికి పోదు. దిద్దినవన్నీ కేటలాగ్ అనే వేరే ఫైల్లో రాసుకుంటుంది. 'ఎక్స్‌పోర్ట్ యాజ్ కేటలాగ్' నొక్కి, ఫొటోల్నీ కలిపి తెచ్చుకోవాలి. ఊరికే చూపించుకోడానికైతే జేపెగ్‌లుగా ఎక్స్‌పోర్ట్ చేసినా చాలు. బావగారిది పెళ్లికూతుర్ని తీసుకొచ్చి, నగలపెట్టె విడిదింట్లో వదిలేసిన బాపతు.

"వాట్సాప్‌లో పంపేసుకోవాల్సింది మావయ్యా" అన్నాడు ఆయన మేనల్లుడు. అది మామూలుగా పంపితే ఫొటోని పిండి పిప్పి చేసి మరీ అందిస్తుందని వాడికెవరు చెప్పాలి?

బావగారు మాత్రం తప్పెవరిదో తేల్చేశారు: "ఈ కంప్యూటర్ పాతదైపోయింది. కొత్తది కొనాలి."