పెళ్లయ్యాక పెళ్లిచూపులు

కంపెనీ సరుకు అమ్మాలని ముందే నిశ్చయించుకుంటుంది. ఫ్యాక్టరీలో యంత్రం దిగుతుంది, ప్యాకెట్ మీద బొమ్మ ఖరారవుతుంది, ప్రకటనలో నవ్వాల్సిన హీరోయిన్‌కి అడ్వాన్సు ముడుతుంది, దసరాకి విడుదల అని డీలర్లకు కబురు వెళ్లిపోతుంది. అప్పుడు ఎవరో ఒకరికి గుర్తొస్తుంది, కొనాల్సిన జనాన్ని ఒక్క మాట అడగలేదే అని. తాళి కట్టేశాక పెళ్లిచూపులకు బయల్దేరడమన్నమాట. దీన్నే మార్కెట్ రీసెర్చ్ అంటారు. పిల్ల నచ్చలేదని చెప్పే హక్కు ఇక్కడ ఎవరికీ లేదు. ఎంత బాగా నచ్చిందో, ఎన్ని రంగుల గ్రాఫుల్లో నచ్చిందో తేల్చడమే మిగిలిన పని.

మాటవరసకి ఒక సరుకు అనుకుందాం. చారు బిళ్ల. వేడినీళ్లలో వేస్తే కరిగి చారైపోతుంది. చింతపండు నానబెట్టక్కర్లేదు, పోపు పెట్టక్కర్లేదు. కంపెనీకి మీకు తోచిన పేరు పెట్టుకోండి, ఆఫీసు మాత్రం గచ్చిబౌలిలో ఏదో ఒక అద్దాల మేడలో ఉంటుంది. రీసెర్చ్ ఏజెన్సీ వాళ్లను అక్కడికి పిలిచి బ్రాండ్ మేనేజర్ కుర్రాడు కాఫీ ఇప్పిస్తాడు. "మాకు నిజం కావాలండీ. చేదుగా ఉన్నా ఫర్వాలేదు" అంటాడు. రెండో వాక్యంలో "యాడ్ షూటింగ్ అయిపోయింది" అంటాడు. ఈ రెంటిలో అసలు బ్రీఫ్ ఏదో పోల్చుకోగలిగినవాడే ఏజెన్సీ నడపగలడు.

డబ్బు సగం పని ఒప్పుకున్నప్పుడు ఇస్తారు. మిగతా సగం రిపోర్టు ఆమోదం పొందాక. ఆమోదించేది ఆ కుర్రాడే. గణాంక శాస్త్రంలో సూత్రాలకు కొదవ లేదు గానీ, రిపోర్టు ఎటు మొగ్గుతుందో ఇంత కచ్చితంగా చెప్పే సూత్రం ఇంకోటి కనబడదు.

ప్రశ్నావళిలోనే సగం జవాబు తయారైపోతుంది. చారు బిళ్ల కొంటారా అని నేరుగా అడిగితే ఎందుకండీ అంటారు. అందుకని దూరం నుంచి నరుక్కొస్తారు. పొద్దున వంటపని హడావుడిగా ఉంటుందా? ఉంటుంది. పిల్లలతో గడపడానికి ఇంకాస్త టైము దొరికితే బాగుంటుందా? ఎవరు కాదంటారు! రుచి తగ్గకుండా పని తగ్గితే ఇష్టమేనా? ఇష్టమే. ఇలా మెట్టు మెట్టుగా పైకెక్కించి, అప్పుడు బిళ్ల చేతిలో పెడతారు. అక్కణ్నుంచి దిగిరావాలంటే మొహమాటం. జవాబుకి అయిదు గడులుంటాయి: తప్పకుండా కొంటాను, కొంటానేమో, చెప్పలేను, కొనకపోవచ్చు, అస్సలు కొనను. ఇలాంటి అయిదు గడుల కొలబద్దని 1932లో రెన్సిస్ లికర్ట్ అనే అమెరికన్ ప్రచారంలో పెట్టాడు. మన జిల్లాల సంగతి ఆయనకెవరూ చెప్పినట్టు లేదు. గుమ్మంలోకొచ్చిన మనిషితో "అస్సలు కొనను" అనేంత కఠినులు మన దగ్గర తక్కువ. "తర్వాత చూద్దాంలేమ్మా" అంటారు. దానికి గడి లేదు.

తెనాలి వెళ్దాం. మే నెల, మధ్యాహ్నం రెండు. ట్యాబ్ పట్టుకున్న డిగ్రీ పిల్ల గేటు దగ్గర నిలబడి "ఆంటీ, ఇరవై నిమిషాలే" అంటుంది. ముప్పావుగంట పడుతుందని ఆ పిల్లకి తెలుసు. ఆమెకి నెల జీతం లేదు, ఇంటర్వ్యూకి ఇంత అని లెక్క. ఆంటీ మధ్యలో లేచి లోపలికెళ్లిపోతే అదీ గోవిందా.

ముందు కుటుంబం ఏ అంతస్తుదో తేల్చాలి. 2011లో వచ్చిన పద్ధతి ప్రకారం దీనికి రెండే చూస్తారు: ఇంట్లో ప్రధానంగా సంపాదించే మనిషి చదువు ఎంత, 11 అంశాల జాబితాలో ఇంట్లో ఉన్నవెన్ని. కరెంటు కనెక్షన్, ఫ్యాను, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, వాషింగ్ మిషన్, టూవీలర్, కారు, ఏసీ, చివరికి పొలం కూడా ఆ జాబితాలోదే. కాగితం మీద చక్కటి పద్ధతే. కానీ ఆరా తీసేవాళ్లంతా తెల్ల రేషన్ కార్డు పీకెయ్యడానికే వస్తారని ఆ వీధి వీధంతా గట్టి నమ్మకం.

"ఏసీ ఉందా ఆంటీ?"

"మాకెక్కడిదమ్మాయ్."

పైనున్న ఏసీ డబ్బాలోంచి నీటిచుక్క ఒకటి టప్పుమని ట్యాబ్ మీద పడుతుంది. పిల్ల చున్నీతో తుడుచుకుంటుంది.

"కారు?"

"అదా, మా మరిదిది. ఇక్కడ పెట్టిపోయాడు."

"పొలం?"

"కౌలుకిచ్చాం. ఉన్నట్టా, లేనట్టా?"

పిల్ల లేదని నొక్కుతుంది. రెండంతస్తుల మేడ రెండు నిమిషాల్లో దిగువ తరగతిలోకి జారిపోతుంది. ఇక బిళ్ల బయటికొస్తుంది. ఆంటీ దాన్ని అటూ ఇటూ తిప్పి, వాసన చూసి అడుగుతుంది.

"ఇది జొరమొస్తే ఏసుకునేదా?"

"కాదాంటీ, చారు."

"బిళ్లలో చారేంది తల్లీ! మా అత్తగారు చూసిందంటే ఇంకేమన్నా ఉందా?"

"అయిదింటిలో ఏదో ఒకటి చెప్పండాంటీ, ప్లీజ్."

చెమటకి తడిసిపోయిన ఆ మొహం కేసి చూసి ఆంటీ మెత్తబడుతుంది. "నీకేది లాభమో అది రాసుకో. ముందు కాసిని మంచినీళ్లు తాగు."

పిల్ల నీళ్లు తాగి "కొంటానేమో" నొక్కుతుంది. నా మట్టుకు నాకు, మొత్తం వ్యవహారంలో నిజాయితీగా జరిగింది ఆ మంచినీళ్లివ్వడం ఒక్కటే అనిపిస్తుంది.

అక్కణ్నుంచి హైదరాబాద్ చేరేలోగా ఆంటీ మాటలకు పట్నం హంగులొస్తాయి. "జొరమొస్తే ఏసుకునేదా" అన్నది స్లైడు మీద "వినియోగదారులు ఉత్పత్తిని ఆరోగ్యంతో సహజంగా అనుసంధానిస్తున్నారు" అవుతుంది. "అత్తగారు చూసిందంటే" అన్నది "కుటుంబంలో ఆసక్తికర చర్చకు తావిస్తోంది" అవుతుంది. మంచినీళ్ల బాపతు జవాబు "కొనుగోలు సంకల్పం" అనే నీలం కడ్డీలో కలుస్తుంది. మేడ సంగతి మరిచిపోలేదు సుమండీ. దానికి విడిగా ఓ శీర్షిక ఉంది: "దిగువ వర్గాల్లోనూ విశేష ఆదరణ."

ఇళ్ల సర్వే ఒక్కటే చాలదని విజయవాడలో బృంద చర్చ కూడా పెడతారు. హోటల్ గదిలో ఎనిమిది మంది గృహిణులు, మధ్యలో సమోసాలు, చివర్లో స్టీలు డబ్బా బహుమతి. పక్కగదిలో క్లయింటు వాళ్లు టీవీలో చూస్తూ అవే సమోసాలు తింటుంటారు. ఎనిమిది మందిలో ఇద్దరు పోయిన వారమే సబ్బుల చర్చకు వచ్చి వెళ్లినవాళ్లు. ఏం చెబితే ఎంత తొందరగా వదిలేస్తారో వాళ్లకు బాగా తెలుసు. ఒకావిడ రిటైరైన టీచరు. ఆవిడ మాట్లాడుతుంటే మిగతా ఏడుగురూ తలాడిస్తారు. "చారు పెట్టడం రాని కోడళ్లకు పనికొస్తుందేమో" అని ఆవిడ వెక్కిరిస్తుంది. పక్కగదిలో బ్రాండ్ మేనేజర్ సమోసా కింద పెట్టి పుస్తకంలో రాసుకుంటాడు: కొత్త కోడళ్లు, భారీ మార్కెట్.

ఇక లెక్కలు. మొత్తం 400 మందిని అడిగారనుకోండి. సరిగ్గా లాటరీ తీసినట్టు ఎంచుకుంటే, 400 మందితో అయిదు శాతం అటో ఇటోగా జనాభిప్రాయం చెప్పొచ్చు. గణితం మోసం చెయ్యదు. మోసమల్లా తర్వాత మొదలయ్యే కోతల్లోనే. ఊరుని బట్టి ఓ కోత, వయసుని బట్టి ఓ కోత, అంతస్తుని బట్టి ఇంకో కోత. చివరికి "తెనాలి, 25 నుంచి 34 ఏళ్లు, ఉద్యోగినులు" అనే గడిలో 11 మంది మిగులుతారు. అందులో ఇద్దరు బిళ్ల నచ్చిందన్నారు. స్లైడు మీద "18 శాతం" అని పడుతుంది. ఆ ఇద్దరూ తోడికోడళ్లని, ఒకే వరండాలో కూర్చుని ఒకరి జవాబు ఒకరు విని చెప్పారని పిల్లకి తెలుసు. ఆ పిల్లని ప్రజెంటేషన్‌కి పిలవరు. అడుగున చీమ తలకాయంత అక్షరాల్లో "నమూనా చిన్నది" అని ఉంటుంది, వెనక వరసలో కళ్లజోడు మర్చిపోయి వచ్చినవాళ్ల అదృష్టం కొద్దీ.

ఎక్కువమందిని అడిగితే సరిపోతుంది కదా అంటారేమో. 1936లో అమెరికాలో లిటరరీ డైజెస్ట్ పత్రిక అధ్యక్ష ఎన్నిక ముందు ఎవరికి ఓటేస్తారని అడుగుతూ కోటి మందికి కార్డులు పంపింది. 20 లక్షలకు పైనే తిరిగొచ్చాయి. లాండన్ అనే అభ్యర్థి గెలుస్తాడని ధీమాగా అచ్చేసింది. ఓట్ల లెక్కింపులో ఆయనకు దక్కినవి రెండు రాష్ట్రాలు, 48లో మిగతా 46 ప్రత్యర్థి రూజ్‌వెల్ట్‌వి. కార్డులు పంపిన చిరునామాలు టెలిఫోన్ డైరెక్టరీల్లోంచి, కార్ల రిజిస్టర్లలోంచి తీసినవి. ఆ కరువు రోజుల్లో ఫోనూ కారూ ఉన్నవాళ్లు ఎటు మొగ్గుతారో ఊహించడానికి కోటి కార్డులక్కర్లేదు. రెండేళ్లు తిరక్కుండానే పత్రిక మూతపడింది. అంతకంటే చాలా చిన్న నమూనాతో సర్వే చేసిన జార్జ్ గ్యాలప్ మాత్రం రూజ్‌వెల్టే గెలుస్తాడని సరిగ్గా చెప్పగలిగాడు.

ఇంకో కథ వినండి. 1985లో కోకాకోలా కంపెనీ సుమారు 2 లక్షల మందికి కొత్త కోక్ రుచి చూపించింది. ఎక్కువమంది భేష్ అన్నారు. ఏప్రిల్ 23న పాతది ఆపి కొత్తది దించింది. జనం ఫోన్లు చేసి, ఉత్తరాలు రాసి దుమ్మెత్తిపోస్తే 79 రోజుల్లో పాతదాన్ని మళ్లీ తెచ్చి పెట్టింది. రుచి ఎలా ఉందని అడిగారు గానీ, పాతది లాగేసుకుంటే మీకెలా ఉంటుందని సరిగ్గా అడగలేదు. తప్పు జవాబుల్లో లేదు, ప్రశ్నలో ఉంది. ఆ ప్రశ్న రాసేది ఎప్పుడూ జనం కాదు కదా.

మన నానో కారు ఇంకో బాపతు. 2009లో రోడ్డెక్కింది, లక్ష రూపాయల కారని పేరు మోగింది. అత్యంత చవక కారని ముద్ర పడటమే దెబ్బతీసిందని రతన్ టాటాయే తర్వాత ఒప్పుకున్నారు. చవకది కాబట్టి కొననని సర్వే పిల్లతో ఏ మధ్యతరగతి తండ్రి చెబుతాడు చెప్పండి? మైలేజీ ఎంత అని అడుగుతాడు, బాగుందంటాడు, షోరూమ్ ముందునుంచి వెళ్లిపోయి పక్క షోరూమ్‌లో ఆగుతాడు.

మన చారు బిళ్ల రిపోర్టు ప్రజెంటేషన్ రోజొచ్చింది. 84 స్లైడులు. మొదటి పావుగంట ప్రొజెక్టర్ వైరు వెతకడంలో పోతుంది. ఎండీ గారు పన్నెండో స్లైడుకి వస్తారు, కాబట్టి మళ్లీ మొదటికి. కుర్చీల్లో ఉన్నవాళ్లంతా సెల్‌ఫోన్లలో తలదూర్చి ఉంటారు. నూటికి 60 మంది వద్దన్న సంగతి "ప్రతి పదిమందిలో నలుగురు స్వాగతించారు" అనే వేషంలో వస్తుంది. పక్కనే గ్రాఫు అడుగు సున్నా దగ్గర కాకుండా 30 దగ్గర మొదలవుతుంది. దాంతో నాలుగు శాతం తేడా కూడా కొండంత ఎత్తుకు లేస్తుంది.

ఇరవయ్యో స్లైడు దగ్గర ఎండీ గారు చెయ్యెత్తుతారు. "ఇవన్నీ సరేనయ్యా. ఒక్క ముక్కలో చెప్పు. దింపొచ్చా?"

ఏజెన్సీ పెద్దమనిషి పాతికేళ్ల అనుభవం ఉన్నవాడు. "దింపొచ్చు సార్, కొన్ని జాగ్రత్తలతో" అంటాడు. సరుకు ఆడితే "దింపొచ్చు" అన్నది ఆయన మాట, ఆడకపోతే "జాగ్రత్తలతో" అన్నదీ ఆయన మాటే.

అప్పుడు ఎండీ గారు కుర్చీలో వెనక్కి వాలి అసలు సంగతి చెబుతారు. "నేనూ నిన్న ఇంట్లో ఇచ్చి చూశా. మా ఆవిడకి నచ్చింది." గదిలో అందరి మొహాలూ వెలుగుతాయి. 400 మంది, నాలుగు ఊళ్లు, 84 స్లైడులు కలిసి తేల్చలేనిదాన్ని ఒక్క నమూనా తేల్చేసింది. ఆవిడకి నచ్చలేదంటే బిళ్ల రంగు మార్చి రిపోర్టు మళ్లీ మొదలయ్యేది.

ఏజెన్సీ వాళ్లని మరీ ఆడిపోసుకోను. అందులో చాలామందికి ఆంటీ ఏమన్నదో తెలుసు. మొదటి చిత్తులో నిజం రాసినవాళ్లూ ఉంటారు. ఆ చిత్తు "టోన్ కొంచెం పాజిటివ్‌గా" అనే మెయిలుతో తిరిగొస్తుంది. మూడోసారి తిరిగొచ్చేసరికి నెలాఖరు, ఆఫీసులో జీతాల వేళ. సరుకు మునిగితే అదే రిపోర్టు మళ్లీ దుమ్ము దులిపి బయటికొస్తుంది. "రీసెర్చ్ చెప్పబట్టే దింపాం" అని. తేలితే అటకమీద నుంచి దించేవాడుండడు.

అంచేత పాఠకులకో విన్నపం. ఈ ఎండల్లో మీ గేటు దగ్గర ట్యాబ్ పట్టుకుని ఎవరైనా నిలబడితే లోపల కూర్చోబెట్టి మంచినీళ్లివ్వండి. మొదలుపెట్టాక మధ్యలో లేవకండి, వాళ్ల కూలీ పోతుంది. మీ రేషన్ కార్డు వాళ్ల చేతిలో లేదు, ఏసీ ఉంటే ఉందనండి. సరుకు నచ్చకపోతే అయిదో గడే నొక్కించండి, దానివల్ల ఆ పిల్లకి ఒక్క రూపాయి కూడా తగ్గదు. "ఫర్వాలేదు" అని మాత్రం అనకండి. ఆ ఒక్క మాటతోనే మన దుకాణాల్లో సగం సరుకు దిగింది.