గెలిచిన రోజే మోగే గంటను

నేను గంటను. గుడిగంటకు పూటపూటా పని ఉంటుంది. నాకు మాత్రం ఒహాయో స్టేట్ యూనివర్సిటీ ఫుట్‌బాల్ జట్టు గెలిచిన రోజే పని. అమెరికాలోని కొలంబస్ నగరంలో, ఒలెంటాంగీ నది ఒడ్డున ఉన్న ఒహాయో స్టేడియం ఆగ్నేయపు బురుజులో, నేలకు 150 అడుగుల ఎత్తున నా నివాసం. బరువు 2,420 పౌండ్లు, అంటే దాదాపు 1,100 కిలోలు. 1943, 44, 45 సంవత్సరాల్లో చదువు ముగించిన విద్యార్థులు నన్ను తమ యూనివర్సిటీకి కానుకగా ఇచ్చారు. ప్రపంచం యుద్ధంలో ఉన్న ఏళ్లలో చదువుకున్న వాళ్లు విజయం పేరు పెట్టి ఇచ్చిన గంటను నేను. నా గొంతు తొలిసారి వినిపించింది 1954 అక్టోబర్ 2న, మావాళ్లు కాలిఫోర్నియా జట్టును 21-13తో ఓడించినప్పుడు. ఆ ఏడాది మా జట్టు ఒక్క ఆట కూడా ఓడలేదు.

ఇక్కడ ఫుట్‌బాల్ అంటే కాలితో తన్నే ఆట కాదు. కొసలు మొనదేలిన బంతిని చంకలో ఇరికించుకుని, అడ్డొచ్చినవాళ్లను దాటుకుంటూ గజం గజం ముందుకు వెళ్లే ఆట. ఆడేది కాలేజీ కుర్రాళ్లే అయినా చూడటానికి లక్ష మందికి పైగా వస్తారు. గెలిచాక ఆల్ఫా ఫై ఒమేగా అనే సేవా సంఘం విద్యార్థులు మెట్లెక్కి నా దగ్గరకొస్తారు, తాడు పట్టుకుని లాగుతారు. మామూలు గెలుపుకు పావుగంట మోగుతాను. మిషిగన్ మీద గెలిస్తే అరగంట. గాలి లేని రోజున నా మోత ఐదు మైళ్ల దాకా వినిపిస్తుందని ఊళ్లో చెప్పుకుంటారు.

మిషిగన్‌తో మా పోరు నాకంటే పాతది. ఈ స్టేడియానికి 1922 అక్టోబర్ 21న ప్రారంభోత్సవం జరిపింది ఆ జట్టుతో ఆటతోనే. మావాళ్లు 19-0తో ఓడిపోయారు. కొత్త స్టేడియం, కిక్కిరిసిన జనం, బోర్డు మీద మాకు సున్నా. ఆ జనం మళ్లీ వచ్చారు కాబట్టే ఈ గోడలు నిలిచాయి, నాకు ఈ చోటు దొరికింది.

ఇక అసలు సంగతి. 2024లో నా తాడు పట్టిన పిల్లల్లో ఒకమ్మాయి ఉండేది. డిగ్రీ ఆఖరి ఏడాది. తను చేరింది 2021లో. ఆ ఏడాది మిషిగన్ చేతిలో ఓడాం. 2022లోనూ, 2023లోనూ అంతే. తన చదువులో ఆ అరగంట మోత వినే అవకాశం ఇక ఒక్కసారే మిగిలింది. మిషిగన్‌ను మా గడ్డమీద ఓడించి నేను చివరిసారి అరగంట మోగింది 2018లో, 62-39తో గెలిచిన రోజున. అప్పటికి తనింకా స్కూల్లోనే ఉంది.

2024 నవంబర్ 30. మాది దేశంలో రెండో ర్యాంకు జట్టు. అప్పటికి ఐదు ఆటలు ఓడిన మిషిగన్‌కు ఏ ర్యాంకూ లేదు. ఆ వారమంతా క్యాంపస్‌లో బోర్డుల మీదున్న ‘ఎం’ అక్షరం మీద ఎర్రటేపు అంటించారు. అది మిషిగన్ మొదటి అక్షరం కాబట్టి ఆ వారం ఎవరి కంటా పడకూడదు. సగం ఆట ముగిసేసరికి 10-10. ఆ తర్వాత మావాళ్లు ఒక్క పాయింటు కూడా చేయలేకపోయారు. ఆట మొత్తంలో, గోల్ స్తంభాల మధ్యకు తన్నే ఫీల్డ్ గోల్స్ రెండు గురి తప్పాయి, రెండు పాసులు ప్రత్యర్థుల చేతికి చిక్కాయి. వాళ్ల బలమంతా మధ్యలోనే ఉన్నా మావాళ్లు అటే మళ్లీ మళ్లీ దూసుకెళ్లబోయి ఆగిపోయారు. ఇంకా 45 సెకన్లు ఉండగా మిషిగన్ కిక్కర్ డొమినిక్ జ్వాడా 21 గజాల ఫీల్డ్ గోల్ కొట్టాడు. 13-10. మిషిగన్ చేతిలో వరసగా నాలుగో ఓటమి. ఆట అయ్యాక వాళ్లు మైదానం నడుమ జెండా నాటబోతే తోపులాట జరిగింది, పోలీసులు పెప్పర్ స్ప్రే కొట్టారు.

ఆ సాయంత్రం ఆ అమ్మాయి మెట్ల మొదట్లో చాలాసేపు కూర్చుంది. చేతికి గ్లౌజులు అలాగే ఉన్నాయి. పక్కనున్న కుర్రాడు “పద, వెళ్దాం” అన్నాడు. “వెళ్దాంలే. వచ్చే ఆటకు మాత్రం నా పేరే ముందు రాయండి” అంది తను.

ఊళ్లో కోపం మామూలుగా లేదు. కోచ్ రయన్ డేని తీసేయమన్నవాళ్లు ఎందరో. అంతకుముందైతే ఇలాంటి ఓటమితో సీజన్ దాదాపు ముగిసిపోయేది. కానీ ఆ ఏడాదే, దేశ ఛాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌ను నాలుగు జట్ల నుంచి పన్నెండుకు పెంచడంతో రెండు ఓటములున్న మా జట్టుకూ చోటు దక్కింది. తొలి రౌండు మా ఇంట్లోనే, డిసెంబర్ 21 రాత్రి, టెన్నెసీతో.

ఆ రాత్రి గడ్డకట్టే చలి. టికెట్లు అమ్ముకున్న మావాళ్లు చాలామందే ఉన్నారు. వాళ్ల సీట్లలో టెన్నెసీ నారింజ రంగు కోట్లు వరసలు వరసలుగా కనిపించాయి. అమ్ముకున్నవాళ్లను నేను తప్పుపట్టను, మనసు విరిగినప్పుడు మనిషి దూరంగా ఉండాలనుకుంటాడు. కానీ వచ్చినవాళ్లంటే నాకు గౌరవం. గెలుస్తామన్న ధీమాతో రాలేదు వాళ్లు, మావాళ్లు మళ్లీ ఆడుతున్నారని వచ్చారు. మొదటి క్వార్టర్ ముగిసేసరికి 21-0, చివరికి 42-17. ఆ అమ్మాయి రెండు మెట్లకు ఒక అంగ వేస్తూ ఎక్కింది. చెవులకు రక్షణ పెట్టుకుని తాడు అందుకుంది, ఒంటి బరువంతా వేసి లాగింది. నా నాలుక తొలిదెబ్బ వేయగానే, కింద కార్ల వైపు నడుస్తున్న జనం ఆగి తలెత్తారు. మూడు వారాలుగా ఊరు దాచుకున్నదంతా ఆ పావుగంటలో నా గొంతులోంచి బయటికొచ్చింది.

ఆ తర్వాతి ఆటలన్నీ దూరాన జరిగాయి. అక్టోబర్‌లో మమ్మల్ని ఒక్క పాయింటుతో ఓడించిన ఒరెగాన్‌ను రోజ్ బౌల్‌ ఆటలో 41-21తో ఓడించారు. టెక్సస్‌తో ఆటలో, కొలంబస్ పక్క ఊరి కుర్రాడు జాక్ సాయర్ ప్రత్యర్థి చేతిలోని బంతిని రాలగొట్టి, దాన్ని అందుకుని 83 గజాలు పరుగెత్తాడు. సాయర్, ఎమెకా ఎగ్‌బుకా, ట్రెవియన్ హెండర్సన్ లాంటివాళ్లు వృత్తి ఆటగాళ్ల పెద్దలీగ్‌కు వెళ్లే వీలున్నా మరో ఏడాదికి ఆగినవాళ్లు. మిషిగన్‌ను ఒక్కసారైనా ఓడించాలన్న వాళ్ల కోరిక తీరలేదు. 2025 జనవరి 20న అట్లాంటాలో మాత్రం నోటర్‌డామ్‌ను 34-23తో ఓడించి, పదేళ్ల తర్వాత దేశ ఛాంపియన్లయ్యారు.

ఆ ట్రోఫీ నవంబర్ ఓటమిని చెరిపేసిందని కొందరంటారు. నేను ఒప్పుకోను. ఆ బాధ ఆ బాధే. ఆ అమ్మాయి అరగంట మోత మోగించకుండానే డిగ్రీ పట్టా అందుకుని వెళ్లిపోయింది. 2025 నవంబర్ 29న, మంచు కురుస్తున్న ఆన్ ఆర్బర్‌లో, మిషిగన్ సొంత గడ్డమీదే, మావాళ్లు వాళ్లను 27-9తో ఓడించినప్పుడు తను ఎక్కడుందో నాకు తెలియదు. ఎక్కడున్నా ఆ ఆట చూసే ఉంటుంది.

ఇన్నేళ్లుగా నేను నేర్చుకున్నది ఒకటుంది. గెలుపు రోజున ఈ స్టేడియంలో అందరూ అభిమానులే. ఓడిన మర్నాడు తర్వాతి ఆట ఎప్పుడని అడిగేవాళ్లే జట్టును నిలబెడతారు. ఆ అడగడంలో గెలుపు మీద లెక్క ఉండదు, తమవాళ్లన్న మమకారం ఉంటుంది. 2026 నవంబర్‌లో మిషిగన్ మళ్లీ కొలంబస్ వస్తుంది. గెలుస్తామని నేను చెప్పలేను. గెలిస్తే తాడు లాగడానికి తన పేరు ముందు రాయమనే పిల్లలు మాత్రం తప్పకుండా ఉంటారు. ఆ మాట ఎంత నమ్మకంగానైనా చెప్పగలను.