ఖాళీ కుర్చీల ముందు ఇరవై ఏడు తీగలు

బ్లూగ్రాస్ సంగీతోత్సవాలలో వేదికకు అతి సమీపంలో ఉండి, వాద్యకారుల వేళ్ల కదలికను కళ్లారా చూసే భాగ్యం మనుషులకు కాక మడత కుర్చీలకు దక్కుతున్నదన్న సంగతి ఈ ఉత్సవాల గురించి వెలువడే ప్రశంసా వ్యాసాలలో సాధారణంగా కనిపించదు. తెల్లవారకముందే గేటు దగ్గర బారులు తీరినవారు, గేటు తెరిచీ తెరవగానే పచ్చిక మీద పరుగు లంకించుకొని, టార్పాలిన్ పరిచి, దాని మీద నాలుగు కుర్చీలు నిలిపి, ఫలహారానికి వెళ్లిపోతారు. వెళ్లినవారు పొద్దుగూకే దాకా తిరిగి రారు. ఆర్టీసీ బస్సు కిటికీలోంచి తువ్వాలు విసిరి సీటు ఆపుకునే విద్యలో ఆరితేరిన తెలుగువారికి ఈ పద్ధతిని వివరించవలసిన పని లేదు గాని, మన తువ్వాలు యజమాని రెండు నిమిషాల్లో జనాన్ని తోసుకుంటూ వచ్చి కూర్చుంటాడే తప్ప, ఉదయం బస్సులో తువ్వాలు వేసి రాత్రి బస్సుకు రాడు. కొలరాడో రాష్ట్రంలోని టెల్యురైడ్‌లో 1974 నుంచి జరుగుతున్న ఉత్సవంలో ఈ ఉదయపు పరుగు దానికదే ఒక వేడుకగా పేరు తెచ్చుకుంది. సముద్రమట్టానికి 2,600 మీటర్లకు పైగా ఎత్తున ఉన్న ఆ ఊళ్లో కొత్తవారికి నడిస్తేనే ఆయాసం వస్తుంది కాబట్టి, టార్పాలిన్ చుట్ట చంకన పెట్టుకొని పరుగెత్తేవారి భక్తిని శంకించడానికి వీలు లేదు. ఆ భక్తి ఎవరి మీద అన్నదే తేలవలసిన విషయం.

బ్లూగ్రాస్ అనేది అమెరికా ఆగ్నేయ ప్రాంతపు పల్లెపాటలు, చర్చి గీతాలు, ఫిడేలు మీద వాయించే నాట్యపు వరుసలు, నల్లజాతివారి బ్లూస్ కలగలిసి ఏర్పడిన తీగవాద్య సంగీతం. కెంటకీకి చెందిన మాండొలిన్ విద్వాంసుడు బిల్ మన్రో తన బృందానికి పెట్టుకున్న పేరే తరువాత ఆ సంగీతానికి స్థిరపడగా, 1945 చివర్లో ఎర్ల్ స్క్రగ్స్ అనే యువకుడు మూడు వేళ్లతో బాంజో వాయిస్తూ ఆ బృందంలో చేరడంతో దానికి నేటి రూపం వచ్చిందని చరిత్రకారులు చెబుతారు. సంప్రదాయ బృందంలో డ్రమ్ములు ఉండవు. ఒకే మైకు చుట్టూ అయిదుగురు గుమికూడి, పాడేవాడు పాడుతుండగా తక్కినవారు పక్కకు ఒరిగి, ‘బ్రేక్’ అని పిలిచే ఒంటరి వాయింపు వంతు వచ్చినవాడు భుజం ముందుకు పెట్టి మైకు దగ్గరికి చొచ్చుకొచ్చి, తన పని కాగానే ఫిడేలు కమాను కంట్లో గుచ్చుకోకుండా తల వంచుకొని వెనక్కి తగ్గే తీరు దగ్గర నుంచి చూసి తీరవలసినది. ముందు వరుసలోని కుర్చీలు దాన్ని ఏటేటా చూస్తూనే ఉన్నాయి.

కుర్చీల యజమానులు ఈ కచేరీల వేళకు ఎక్కడ ఉంటారన్న ప్రశ్నకు రెండు సమాధానాలున్నాయి. వారిలో ఒక వర్గం గుడారాల మధ్య చేరి తమ బాంజోలు తామే వాయించుకుంటూ ఉంటుంది. ఇది క్షమించదగిన నేరం, పైగా వేదిక మీద కంటే గుడారాల దగ్గరే మంచి సంగీతం వినిపించే రోజులూ ఉంటాయి. రెండో వర్గం మాత్రం రాత్రి తొమ్మిదికి రాబోయే ప్రధాన కళాకారుడి కోసం వచ్చినది, ఆ కళాకారుడు తరచుగా బ్లూగ్రాస్‌కు దూరపు చుట్టమైనా కానివాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో వారెన్ హెల్‌మన్ అనే ధనికుడు, తానే బాంజో వాయించే సరదా ఉన్నవాడు కావడంతో, అచ్చంగా బ్లూగ్రాసే అన్న అర్థం వచ్చే పేరుతో 2001లో ఒక ఉచిత ఉత్సవాన్ని ప్రారంభించగా, కొద్ది ఏళ్లలోనే రాక్, కంట్రీ గాయకులు వచ్చి చేరడంతో, నిర్వాహకులు అంత అచ్చమేమీ కాదని ఒప్పుకునే మాట ఒకటి ముందు తగిలించి ‘హార్డ్‌లీ స్ట్రిక్ట్‌లీ బ్లూగ్రాస్’ అని పేరు మార్చుకున్నారు. ఇంతటి నిజాయితీ తక్కిన చోట్ల కరువు. బోర్డు మీద బ్లూగ్రాస్ అనే ఉంటుంది, బ్లూగ్రాస్ బృందానికి మిట్టమధ్యాహ్నం దక్కుతుంది.

ఆ మిట్టమధ్యాహ్నపు ఎండలో బృందాలు చేసుకునే శ్రుతి గురించి ఇక్కడ కొంత చెప్పక తప్పదు. బాంజోకు 5, మాండొలిన్‌కు 8, గిటారుకు 6, ఫిడేలుకు 4, బాస్‌కు 4, వెరసి 27 తీగలు ఒకదానితో ఒకటి ఏకీభవించాలి. ఒక కుటుంబంలో ఇంతమంది ఏకీభవించిన దాఖలా లేదు. మాండొలిన్ తీగలు జంటలుగా ఉంటాయి కాబట్టి ప్రతి జంటలో ఇద్దరూ ఒకే మాట మీద నిలబడాలి, అందులో ఒకరు ఎండకు వదులైతే ఇంకొకరితో తగాదా మొదలవుతుంది. పాలకొల్లులో పుట్టిన మాండొలిన్ శ్రీనివాస్ ఈ జంటలను రద్దు చేసి అయిదు ఒంటి తీగల విద్యుత్ మాండొలిన్‌పై కర్ణాటక సంగీతం వాయించి ప్రపంచాన్ని మెప్పించారు. బ్లూగ్రాస్‌వారు మాత్రం జంటలనే పట్టుకొని బాధపడుతున్నారు. బాంజో సంగతి మరీ విడ్డూరం. దాని ముఖం మద్దెల మూతలా బిగించిన పొర. పూర్వం దూడచర్మంతో చేసేవారు గనుక గాలిలో తేమ పెరిగితే మెత్తబడేది, 1950ల చివరి నుంచి ప్లాస్టిక్ వచ్చి ఆ బాధ తగ్గింది గాని పూర్తిగా పోలేదు. ఆ పొర మీద తీగలను మోసే గుర్రాన్ని జిగురుతోనో మేకుతోనో అంటించరు, తీగల ఒత్తిడికే అది నిలబడాలి. అయిదో తీగ తక్కినవాటికంటే పొట్టిది, దాని బిరడా మెడ మధ్యలో ఉంటుంది, కాబట్టి మెట్ల మీద బిగించే ‘కేపో’ అనే పట్టుకర్రతో శ్రుతి పెంచినప్పుడు నాలుగు తీగలు పైకి వెళ్లి అయిదోది కిందనే ఉండిపోతుంది. దీనికి విరుగుడుగా చాలామంది బాంజో విద్వాంసులు బొమ్మ రైలుపట్టాలకు కొట్టే చిన్న మేకులను వాద్యం మెడలో దిగగొట్టి, అవసరమైనప్పుడు ఆ తీగను మేకు కిందికి దూర్చుతారు. వేల డాలర్ల వాద్యానికి బొమ్మ రైలు మేకే దిక్కు. ఇది చాలదన్నట్టు స్క్రగ్స్ బిరడాను తిప్పి తీగను వదులు చేయడం, మళ్లీ బిగించడం అనే చర్యనే పాటలో భాగం చేశాడు; ‘ఎర్ల్స్ బ్రేక్‌డౌన్’ అనే రచనలో అది వినవచ్చు. ఆనాటి నుంచి బాంజోవాడు శ్రుతి చేసుకుంటున్నాడో, కచేరీ మొదలుపెట్టాడో సామాన్య శ్రోతకు తెలియకుండా పోయింది. ఈ లోగా గాయకుడు మైకు పట్టుకొని బాంజోల మీద పాత హాస్యోక్తులు చెబుతాడు. నవ్వడానికి ముందు వరుసలో ఎవరూ ఉండరు, వెనక నిలబడ్డవారికి అవి వినబడవు. ఈ విధంగా ముక్కాలు గంట కచేరీలో చెప్పుకోదగిన భాగం గడిచిపోయాక 27 తీగలు ఒక్కటయ్యేసరికి, వేదిక పక్కన నిర్వాహకుడు గడియారం చూపిస్తాడు.

ఇంత శ్రమ ఎవరి కోసం అన్న ప్రశ్నను నవ్వుతో దాటవేయడం న్యాయం కాదు. మూడు గంటల ప్రయాణం చేసి, వంద గజాల వెనక, ఐస్‌క్రీం బండి పక్కన నిలబడ్డ శ్రోతకు ఆ మేకూ కనిపించదు, వేళ్లూ కనిపించవు. కనిపించేదల్లా వరుసలు తీరిన కుర్చీ వీపులు. చాలా ఉత్సవాల్లో ఖాళీ కుర్చీలో ఎవరైనా కూర్చోవచ్చు, యజమాని వస్తే లేవాలి అన్న మర్యాద ఉన్నప్పటికీ, కూర్చునే ధైర్యం చేసేవారు తక్కువ, వచ్చిన యజమాని చూసే చూపు అలాంటిది.

ఫిర్యాదు ఇక్కడితో ముగించవచ్చు గాని, నార్త్ కరోలినా రాష్ట్రంలోని విల్క్స్‌బరో గురించి తెలిసినవారికి అది అంత సులభం కాదు. పసితనంలోనే చూపు పోయిన గిటారు విద్వాంసుడు డాక్ వాట్సన్‌కు పక్కన వాయిస్తూ, ఊరూరా దారి చూపిస్తూ ఇరవై ఏళ్లు తిరిగిన కొడుకు మెర్ల్, 1985 అక్టోబరులో ట్రాక్టరు ప్రమాదంలో 36 ఏళ్ల వయసులో చనిపోయాడు. అతని పేరిట ఒక స్మారక ఉద్యానవనానికి నిధులు కూర్చడానికి 1988లో అక్కడి కమ్యూనిటీ కాలేజీ ఆవరణలో మొదలైనదే మెర్ల్‌ఫెస్ట్. అక్కడ ఏ సంగీతం ఉండాలన్నదానికి డాక్ ఇచ్చిన సూత్రం సంప్రదాయమూ, దానితో పాటు మరికొంత అనేది. 1950లలో నాట్య బృందంలో విద్యుత్ గిటారు వాయించి సంసారం నడిపిన మనిషికి ఆ మరికొంత విలువ తెలుసు. అచ్చమా కాదా అన్న తగువు ఆ తండ్రి దగ్గర చాలా చిన్నది. కొడుకు పేరు రాసి ఉన్న ఉత్సవంలో ఆయన ఏటేటా వాయించి, 2012 ఏప్రిల్‌లో చివరిసారి వేదికెక్కి, మే 29న 89 ఏళ్ల వయసులో కన్నుమూశారు.

మెర్ల్‌ఫెస్ట్ సాధారణంగా ఏప్రిల్ చివరి వారాంతంలో జరుగుతుంది. అదే రాష్ట్రంలోని రాలీ, కేరీ ప్రాంతాల తెలుగువారికి విల్క్స్‌బరో సుమారు రెండున్నర గంటల కారు ప్రయాణం. వెళ్లదలచినవారు రాత్రి పేరున్నవారి కోసం కాక మధ్యాహ్నం బృందాల వేళకే చేరుకొని, ముందు వరుసలో ఖాళీగా ఉన్న కుర్చీ చూసుకొని మొహమాటపడకుండా కూర్చోవలసిందిగా మనవి. యజమాని వస్తే లేచి థ్యాంక్స్ చెప్పి పక్క కుర్చీకి మారితే సరిపోతుంది, అదీ ఖాళీగానే ఉంటుంది.