పేరు మూసి చూపించరా!

మొన్న వినాయక చవితి నాడు పొద్దున్నే ఫోను తెరిస్తే ముప్పైకి పైగా శుభాకాంక్షలు. బంధువులవి నాలుగో ఐదో. మిగతావన్నీ కంపెనీలవి. సిమెంటు కంపెనీ, బంగారం కొట్టు, పళ్ళ డాక్టరు, బోర్లు వేసేవాళ్ళు, ప్లాట్లు అమ్మేవాళ్ళు. అందరిదీ ఒకటే వినాయకుడు, అవే మామిడి తోరణాలు, అదే పళ్ళెంలో అవే ఉండ్రాళ్ళు. కింద మూలన పేరు ఒక్కటే తేడా. ఆ సాయంత్రం మా ఆవిడ "పొద్దున్న ఎవరెవరు పంపారండీ?" అని అడిగితే ఒక్క కంపెనీ పేరూ చెప్పలేకపోయాను. యాభై ఏళ్ళు ప్రకటనల పని చేసినవాడికే గుర్తు లేదంటే ఇక ఎవరికి గుర్తుంటాయి?

మా రోజుల్లో ఇలాంటి బొమ్మ తీసుకెళ్ళి మా గురువుగారి ముందు పెడితే చింపి చేతిలో పెట్టేవారు. విజయవాడ గవర్నర్‌పేటలో ఆయనకు చిన్న ప్రకటనల ఆఫీసు ఉండేది. నేను 1971లో అందులో చేరాను. సినిమా హాళ్ళలో ఇంటర్వెల్లో వేసే స్లైడ్లు, పేపరు ప్రకటనలు, గోడరాతలు, క్యాలెండర్లు అన్నీ చేసేవాళ్ళం. లే-అవుట్ గీసి తీసుకెళ్తే ఆయన అనేది ఒకటే మాట: "పేరు మూసి చూపించరా!" కొట్టు పేరు మీద అరచెయ్యి పెట్టేవాణ్ణి. మిగిలిన బొమ్మా మాటా చూసి అది ఎవరిదో తెలిస్తే అచ్చుకు బ్లాకు చేయించడానికి పంపేవారు. తెలియకపోతే మళ్ళీ మొదటికే.

మాకు ఒక గిన్నెల కొట్టు పార్టీ ఉండేది. పేరు ఎందుకు గానీ, ఆ యజమాని తన వ్యాపారం గురించి చెప్పిన మాట ఒక్కటే: "నా దగ్గర కొన్న గిన్నె మళ్ళీ తూచినా తూకం తగ్గదు." గురువుగారు ఆ మాట పట్టుకుని త్రాసు బొమ్మ పెట్టారు. అది మొదలు పదిహేనేళ్ళు ఆ కొట్టు ప్రకటనలో త్రాసు లేని రోజు లేదు. సంక్రాంతికి త్రాసులో పాలు పొంగే గిన్నె. పెళ్ళిళ్ళ సీజన్లో త్రాసులో కాళ్ళు కడిగే పళ్ళెం. 1980లో కృష్ణా పుష్కరాలకు ఊరంతా జనంతో నిండిపోతే, త్రాసులో కృష్ణ నీళ్ళు నింపిన చెంబు. పుష్కరాలు పన్నెండు రోజులు, ఆ చెంబు మాత్రం యాత్రికుల ఇళ్ళలో దేవుడి గూట్లో ఏళ్ళ తరబడి ఉంటుందని ఆయన లెక్క. 1983లో కపిల్‌దేవ్ జట్టు ప్రపంచ కప్పు గెలిచింది. రాత్రి రేడియోలో విని, పొద్దున్నే నేను పరుగెత్తుకెళ్ళి కపిల్‌దేవ్ బొమ్మ గీస్తానన్నాను. "కపిల్‌దేవ్ అందరివాడు. మన త్రాసు ఏదిరా?" అన్నారు. ఒకవైపు కప్పు, రెండోవైపు మా బిందె, ముల్లు సరిగ్గా మధ్యలో. అలా గీశాను. చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు ఆ కొట్టును అసలు పేరుతో కాక త్రాసు కొట్టు అనే పిలిచేవాళ్ళు.

ఆ రోజు విషయాన్ని ఆ రోజే వాడుకోవడం మేమూ చేశాం. పండగ, ఎన్నికలు, వరద, కొత్త సినిమా, ఏదీ వదల్లేదు. కానీ రోజుకో విషయం మారినా మాట్లాడే నోరు ఒక్కటే ఉండేది.

దేశం మొత్తానికి ఈ పాఠం నేర్పింది అమూల్ వెన్న పాప. 1966లో ప్రకటనల ఏజెన్సీకి చెందిన సిల్వెస్టర్ డకున్హా, చిత్రకారుడు యూస్టేస్ ఫెర్నాండెజ్ ఆమెను తయారు చేశారు. అప్పట్లో హోర్డింగులన్నీ చేత్తోనే గీయాలి కనుక సులువుగా గీయగలిగే బొమ్మ, చూడగానే గుర్తుండే బొమ్మ కావాలనుకున్నారు. చుక్కల గౌను, జుట్టుకు రిబ్బను, కొంటె చూపు. దాని వెనక అప్పట్లో అమూల్‌ను నడిపిన కురియన్ గారి ధైర్యం ఉంది. ప్రతి బొమ్మా ముందుగా తన దగ్గరికి పంపి ఒప్పించుకోవాల్సిన పని లేకుండా ఏజెన్సీకి స్వేచ్ఛ ఇచ్చారాయన. ఈ కాలపు మేనేజర్లు ఒక పోస్టుకు ఏడుగురి సంతకాలు అడుగుతారు. సంతకాలు అయ్యేసరికి వార్త పాతబడిపోతుంది.

ఎమర్జెన్సీ రోజుల్లో, 1976లో, బలవంతపు కుటుంబ నియంత్రణ ఆపరేషన్ల గురించి నోరెత్తడానికి జనం భయపడుతున్నప్పుడు ఆ పాప వెన్న పళ్ళెం పట్టుకుని నిలబడి, మేం మొదటినుంచీ స్టెరిలైజేషన్ తప్పనిసరిగా చేస్తూనే ఉన్నాం అన్నట్టు మాట్లాడింది. ఒక్క మాటలో దేశం బాధా ఉంది, వెన్న శుభ్రతా ఉంది. పేరు మూసినా ఎవరిదో తెలుస్తుంది. సిల్వెస్టర్ తర్వాత ఆయన కొడుకు రాహుల్ ఆ పని అందుకున్నారు, బొమ్మలు జయంత్ రాణే గీస్తూ వచ్చారు. చేతులు మారాయి గానీ పాప గౌను మీద చుక్క మారలేదు.

మన తెలుగువాడు కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు అంతకు ఎంతో ముందే ఈ దారిలో నడిచారు. 1893లో బొంబాయిలో అమృతాంజనం మొదలుపెట్టి, సంగీత కచేరీల్లో ఉచితంగా పంచారని చెప్పుకుంటారు. కచేరీ ఒక్క రాత్రిది. తలనొప్పి వచ్చినప్పుడల్లా గుర్తొచ్చే వాసన జీవితాంతానిది. ఆయనే 1908లో పెట్టిన ఆంధ్రపత్రిక ఉగాదికి ప్రత్యేక సంచిక వేసేది. పండగ కోసం వేసిన ఆ సంచికను జనం పండగ వెళ్ళాక పారేయలేదు, బైండు చేయించుకుని దాచుకున్నారు.

ఆ రోజు విషయాన్ని ఆ రోజే వాడుకోవడాన్ని ఇప్పుడేమో మూమెంట్ మార్కెటింగ్ అంటున్నారు. 2021 ఆగస్టు 1న మన హైదరాబాదు అమ్మాయి సింధు టోక్యో ఒలింపిక్స్ బ్యాడ్మింటన్‌లో కాంస్యం గెలిస్తే, ఆమెకు ఏనాడూ ఒక్క రూపాయి స్పాన్సర్‌షిప్ ఇవ్వని కంపెనీలు కూడా ఆమె ఫొటో పెట్టి పక్కన తమ పేరు అతికించుకున్నాయి. ఆమె వ్యవహారాలు చూసే సంస్థ లీగల్ నోటీసుల దాకా వెళ్ళాల్సి వచ్చింది. ఆ పిల్ల ఏళ్ళ తరబడి తెల్లవారుజామునే లేచి సాధన చేసి తెచ్చిన పతకం అది. అడగకుండా దాని మీద చెయ్యి వేయడం వ్యాపారం కాదు, దొంగతనం.

మా త్రాసు కొట్టు సంగతే చెప్తాను. ఇప్పుడు మనవలు నడుపుతున్నారు. పోయినేడాది ప్రకటనల పనిని ఒక కొత్త ఏజెన్సీకి ఇచ్చారు. ఆ పిల్లలు నెలకు ముప్పై పోస్టుల పట్టిక వేసి నాకూ చూపించారు. స్నేహితుల దినం, నాన్నల దినం, కాఫీ దినం, ఏదో పాటకు కొట్టు కుర్రాళ్ళు వేసే స్టెప్పుల రీలు. పట్టిక మొత్తంలో గిన్నె రెండుసార్లు కనిపించింది, త్రాసు ఒక్కసారీ లేదు. "ఐదేళ్ళ తర్వాత ఈ కొట్టు దేనికి పేరు పొందాలి బాబూ?" అని అడిగాను. "అంకుల్, ఇప్పుడు ఎంగేజ్‌మెంట్ ముఖ్యం, ట్రెండ్‌లో ఉండాలి" అన్నాడు ఒక కుర్రాడు. తెలివైన పిల్లాడే. ఒక్క పూటలో మేం వారం చేసే పని చేస్తాడు. కానీ ఆ కొట్టు ఎక్కడికి వెళ్ళాలో అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సిన మనవలకే తెలియదు. వాళ్ళ తాతకు ఒక్క వాక్యంలో తెలిసేది.

కొట్లవాళ్ళకూ కంపెనీలవాళ్ళకూ నాదొక మనవి. మీ దగ్గర అలాంటి వాక్యం ఒకటి ఉందో లేదో ముందు చూసుకోండి. లేకపోతే ఈ నెల పోస్టులు ఆపేసి, కూర్చుని అది రాసుకోండి. వచ్చే ఉగాదికి ఏజెన్సీవాళ్ళు మామిడి పిందె, వేపపువ్వు, పచ్చడి గిన్నె బొమ్మ తెచ్చి చూపిస్తారు. కిందున్న మీ పేరు మీద బొటనవేలు పెట్టి చూడండి. అది మీదేనని తెలియకపోతే తిప్పి పంపండి.