అరవయ్యో ఎక్కం

కెనడా చదువు మాటెత్తిన తెలుగు ఇంట్లో అందరికంటే ముందు అరవయ్యో ఎక్కం వల్లెవేసేది తండ్రి. కెనడా డాలరు అరవై రూపాయల పైమాటే కాబట్టి, ఫీజుల కాగితం మీద ఏ అంకె కనబడినా ఆయన పెదవులు వాటంతటవే కదులుతాయి. కంప్యూటర్ సైన్స్ అయితే ఒక నిట్టూర్పు విడిచి బ్యాంకు మేనేజరుకు ఫోన్ చేస్తాడు. జర్నలిజం అని తెలిస్తే మాత్రం ఫోన్ పక్కన పెట్టి అడుగుతాడు: "పేపరోళ్లకి జీతాలు కూడా ఇస్తారట్రా?"

అడగడంలో తప్పేం లేదు. స్టాటిస్టిక్స్ కెనడా లెక్కల్లో 2024-25లో డిగ్రీ చదివే స్వదేశీ విద్యార్థి కట్టిన సగటు ఫీజు ఏడాదికి 7,360 డాలర్లు. విదేశీ విద్యార్థిది 40,114. అదే క్లాసు, అదే ప్రొఫెసరు, అదే చలి. ఇది అన్ని సబ్జెక్టులూ కలిపిన సగటు గనక జర్నలిజం బిల్లు కాస్త అటూ ఇటూ ఉండొచ్చు. అయినా నాలుగేళ్లకు ఎక్కం అప్పజెబితే 96 లక్షలు తేలుతుంది. కూడూ గూడూ అందులో లేవు.

వాటికి వేరే లెక్క ఉంది. స్టడీ పర్మిట్ కావాలంటే ఫీజూ ప్రయాణమూ కాక, ఒక మనిషి ఏడాది బతకడానికి 10,000 డాలర్లు చూపిస్తే 2023 దాకా సరిపోయేది. 2025 సెప్టెంబరు నుంచి అది 22,895 అయింది. దరఖాస్తుకు 150, వేలిముద్రలకు 85. మన రిజిస్ట్రారు ఆఫీసులో వేలిముద్ర వేస్తే ఆస్తి ఒక్కటే పోతుంది. కెనడాకైతే ముద్రకీ విడిగా కట్టాలి.

పార్ట్‌టైమ్ చేసుకుంటాడులే అని తల్లి ధైర్యం చెబుతుంది. క్లాసులు నడిచే రోజుల్లో బయట పనికి వారానికి 24 గంటలే అనుమతి. ఒంటారియోలో కనీస వేతనం గంటకు 17.60 డాలర్లు. పన్నులు పోకముందు వారానికి 422. ఒక ఏడాది ఫీజు ఇలా కూడబెట్టాలంటే 95 వారాలు కావాలి. కెనడాలో కూడా ఏడాదికి 52 వారాలే. ఎవరు, ఏమిటి, ఎప్పుడు, ఎక్కడ, ఎందుకు, ఎలా అని పొద్దున క్లాసులో ఆరు ప్రశ్నలు నేర్చుకున్న కాబోయే విలేకరి, సాయంత్రం టిమ్ హార్టన్స్ కౌంటరు వెనక నిలబడి ఒకే ప్రశ్న అడుగుతుంటాడు: "డబుల్ డబులా?" కాఫీలో రెండు క్రీములు, రెండు చక్కెరలు వేయమంటారా అని.

మరి పట్టా చేతికొచ్చాక? మెట్రోలాండ్ సంస్థ 2023 సెప్టెంబరులో దివాలా రక్షణ కోరి, డెబ్భై దాకా స్థానిక వారపత్రికల అచ్చు ఆపేసింది. 605 ఉద్యోగాలు పోయాయి. 2024 ఫిబ్రవరిలో బెల్ సంస్థ 4,800 మందిని తీసేస్తున్నామంటూ, పనిలో పనిగా 45 రేడియో స్టేషన్లు అమ్మకానికి పెట్టింది. అంతకుముందే, 2023 ఆగస్టు నుంచి ఫేస్‌బుక్, ఇన్‌స్టాగ్రామ్ కెనడా జనానికి వార్తలు చూపించడం మానేశాయి. అబ్బాయి పేరుతో వచ్చిన మొదటి వార్తను టొరంటో బాబాయి ఫేస్‌బుక్‌లో చూడలేడు. నిషేధం వాట్సాప్‌కు లేదు కాబట్టి ఫ్యామిలీ గ్రూపు పరువు దక్కింది.

ఇంతకీ ఆ దేశం గర్వంగా చెప్పుకునే న్యూస్ యాంకర్లలో ఇద్దరికి డిగ్రీయే లేదు. పీటర్ జెన్నింగ్స్ పదో తరగతితో బడికి దండం పెట్టి, అమెరికాలో ఏబీసీ వార్తలను ఇరవై ఏళ్లకు పైగా నడిపించాడు. పీటర్ మాన్స్‌బ్రిడ్జ్ హైస్కూలే పూర్తి చేయలేదు. 1968లో మానిటోబాలోని చర్చిల్ విమానాశ్రయంలో మైకు పట్టుకుని ప్రయాణికులను పిలుస్తుంటే, ఆ గొంతు విన్న సీబీసీ రేడియో మేనేజరు పని ఇచ్చాడు. 1988 నుంచి 2017 దాకా దేశమంతా ఆయన నోటే రాత్రి వార్తలు వింది. ఈ కథలు పిల్లలు ఇంట్లో చెప్పకపోవడమే క్షేమం. "చూశావా, చదువు లేకుండానే వచ్చింది" అని తండ్రి అందుకుంటాడు.

హైదరాబాద్‌లో ఈనాడు జర్నలిజం స్కూలు నేర్చుకునేవాళ్లకే ఎదురు భృతి ఇస్తుందన్న సంగతీ ఆయనకు తెలియనివ్వకండి.

డిగ్రీ ఖరీదెక్కువని కాలేజీ డిప్లొమా వైపు చూసేవాళ్లకు ఒక మాట. 2024 నవంబరు 1 నుంచి స్టడీ పర్మిట్‌కు దరఖాస్తు చేసినవాళ్లు డిప్లొమా చదివితే, ఆ సబ్జెక్టు ప్రభుత్వ జాబితాలో ఉంటేనే చదువయ్యాక వర్క్ పర్మిట్ వస్తుంది. ఆ జాబితాలో నర్సింగ్ ఉంది, వడ్రంగం ఉంది, జర్నలిజం లేదు. యూనివర్సిటీ డిగ్రీకి ఈ మెలిక లేదు. కన్సల్టెన్సీలో అడ్వాన్సు కట్టేముందు ఆ జాబితా మీరే తెరిచి చదువుకోండి.